పేరు తినేసిన మొదటి కూర్పు

హ్సూ కుంగ్‌మింగ్‌కు ఆ పేరు పెట్టినవాడు తాత. హ్సూ ఇంటిపేరు. కుంగ్ అంటే చేసిన ఘనకార్యం, మింగ్ అంటే రాతి మీద చెక్కిన మాట. మనవడు చేసిన పని రాతి మీద నిలిచిపోవాలని ఆ పెద్దాయన ఆశ. కీలుంగ్ రేవులో బస్తాలు మోసి బతికిన మనిషి, అంతకన్నా పెద్ద ఆస్తి ఇవ్వలేక పేరు ఇచ్చాడు. ఆ పేరును కంప్యూటర్లు తినేస్తాయని ఆయనకు ఎవరు చెబుతారు?

ఆ రోజుల్లో తైవాన్ కంప్యూటర్లలో ఒక్కో అక్షరానికి రెండు గదులు ఉండేవి, గదికో అంకె. హ్సూ అనే అక్షరానికి రెండో గదిలో పడ్డ అంకె, కీబోర్డు మీది వాలుగీత అంకె ఒకటే అయ్యాయి. కుంగ్ అనే అక్షరానికీ అదే గతి. వాలుగీత కనబడితే చాలా ప్రోగ్రాములు దాన్ని అక్షరంలో భాగంగా చూడవు. ఏదో ఆజ్ఞ అనుకుని తీసి పారేస్తాయి. దేశంలోని హ్సూలందరికీ ఈ బాధ ఉండేది గానీ, కుంగ్‌మింగ్‌కు రెండింతలు. రెండు అక్షరాల రెండో సగాలూ పోయాక, మిగిలిన మొదటి సగాలు ఒకదాన్నొకటి పట్టుకుని మూడో అక్షరమై కూర్చునేవి. ఆ అక్షరం 'యే'. అంటే అడవిది, పెంపకం లేనిది. మూడక్షరాల మనిషి తెర మీదికి వచ్చేసరికి రెండక్షరాలవాడు అయిపోయేవాడు. యే మింగ్. అడవి మింగ్.

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పగలంతా నూనె పట్టిన తాళ్ల మధ్య, చీకటి గోతుల్లో పని. సాయంత్రం గదికి వచ్చి స్నానం చేసి కంప్యూటరు ముందు కూర్చుంటే అతనికి వేరే లోకం. 'తొమ్మిది రేవుల ఖడ్గం' అని ఒక ఆట ఉండేది. వెదురు టోపీ పెట్టుకున్న కత్తివీరుడు ఒక్కో రేవూ దాటుకుంటూ, గురువును చంపినవాణ్ణి వెతుక్కుంటూ పోతాడు. ఆ ఆటను కుంగ్‌మింగ్ ఎన్నిసార్లు ఆడాడో లెక్క లేదు. ఆడి ఆడి, ఇక ఆడడానికి ఏమీ మిగలక, దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. లిఫ్టు మోటారు విప్పినట్టే విప్పాడు. ఏ ముక్క ఎక్కడ తిరుగుతుందో, ఏది తీస్తే ఏది ఆగుతుందో చూశాడు. వీరుడికి కంపెనీవాళ్లు పెట్టిన పేరు తీసేసి, ఆడేవాళ్లు తమ పేరు పెట్టుకునే వీలు కల్పించాడు. కొత్తగా ఊళ్లు రెండు చేర్చాడు. ఎనిమిది నెలలు పట్టింది. ఆటలోకి ఇలా తమ సొంత మార్పులు జొప్పించేవాళ్లు అప్పటికి దేశంలో కొన్ని పదులమంది ఉండేవారు. అందరూ ఒక కంప్యూటరు బోర్డులో, టెలిఫోను తీగల మీద ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునేవారు. తన మార్పులన్నీ ఒక ఫ్లాపీలోకి ఎక్కించి, దానికి మొదటి కూర్పు అని పేరు పెట్టి, పరీక్షకోసం తన పేరు కొట్టి చూసుకున్నాడు. వీరుడి తల మీద 'యే మింగ్' అని వచ్చింది.

సరిగ్గా ఆ పూట యూషియా పైకి వచ్చింది.

అతను అద్దెకున్న గది కింద వాళ్ల టిఫిను దుకాణం. తల్లీ ఇద్దరు కూతుళ్లూ తెల్లవారకముందే లేచి సోయా పాలు కాచి, గుడ్డు అట్లు వేసేవారు. యూషియా పెద్ద కూతురు. పొగ లాగే ఫ్యాను ఆగిపోయిందని, మెకానిక్కు కదా చూస్తాడేమోనని పిలవడానికి వచ్చింది. గుమ్మంలో నిలబడి తెర వైపు చూసింది.

"ఎవరా అడవి మనిషి?"

"నేనే," అన్నాడు కుంగ్‌మింగ్. సిగ్గుపడుతూ తాత ఆశా, వాలుగీత కథా అంతా చెప్పుకొచ్చాడు. అప్పటిదాకా ఆ గదిలో ఏణ్ణర్ధంగా ఉంటున్నవాడు ఆమెతో అన్నేసి మాటలు ఎప్పుడూ అనలేదు. ఆమె ఆసాంతం విని, మీ తాత రాతి మీద చెక్కించాల్సింది, ఈ పెట్టెలో పెట్టి ఉండకూడదు అంది. ఫ్యాను బాగైంది. మర్నాడు పొద్దున అతను టిఫినుకు దిగితే, వరసలో పదిమంది వింటుండగా, "అడవిగారూ, అట్టు ఒకటా రెండా?" అని కేకేసింది.

ఆ పేరు అలా నిలిచిపోయింది. మరుసటి సంవత్సరం పెళ్లయింది. పెళ్లిలో తప్ప ఆమె అతన్ని కుంగ్‌మింగ్ అని పిలిచినట్టు ఎవరికీ గుర్తు లేదు. ఏడో నెలలో పితృదేవతల పండుగకు రేవులో ఇంటిపేర్ల దీపాలు ఊరేగిస్తారు. హ్సూవాళ్ల బండి మీద నిలువెత్తు అక్షరం వెలుగుతుంటే అతని మోచేయి పొడిచి, చూశావా, ఇక్కడ పూర్తిగానే ఉంది, ఎవరూ కొరకలేదు అనేది.

కుంగ్‌మింగ్ మాటకారి కాడు. భోజనానికి కూర్చుంటే గిన్నెలోకి చూస్తూ తినేసి లేచేవాడు. ఆట సంగతి వస్తే మాత్రం అతని నోరు విడేది. పెళ్లయిన కొత్తలోనే యూషియా, నేనూ ఆడతాను నేర్పు అంది. ఒక ఫ్లాపీ తీసుకుని, ఆడిన వరకు అందులో దాచుకోవడం ఎలాగో నేర్చుకుంది. వీరుడికి పేరు పెట్టమంటే మొగుడి పేరు మొత్తం కొట్టింది. తెర ఇచ్చింది మాత్రం యే మింగ్‌ని. మధ్యాహ్నం దుకాణం కట్టేశాక పైకెళ్లి ఆడేది. సాయంత్రం అతను పనినుంచి వచ్చి అన్నం దగ్గర కూర్చోగానే మొదలుపెట్టేది. ఇవాళ మూడో రేవు దాటాను. గుళ్లో సన్యాసి గంట ఇవ్వనంటున్నాడు, ఏం చెయ్యమంటావు? వంతెన మీద ఆ దొంగలు నలుగురూ ఒక్కసారి మీద పడితే ఎలా? అతను చాప్‌స్టిక్స్ పక్కన పెట్టి, చేతులు తిప్పుతూ చెప్పేవాడు. కింద అత్తగారికి వినబడేంత గట్టిగా చెప్పేవాడు. అన్నం చల్లారిపోయేది.

ఆమె ఫ్లాపీని మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు.

"నీ చెయ్యి పడితే వాడు నీలాగే తయారవుతాడు. నా అడవి మింగ్‌ని నాకు వదిలెయ్."

అలా ఒక ఏడాది గడిచింది. మార్చిలో కడుపునొప్పి అంది. అక్టోబరులో మనిషి లేదు. ఇరవై ఎనిమిదేళ్లు.

ఆ శీతాకాలం కుంగ్‌మింగ్ ఆ పేరును చూడలేకపోయాడు. కంప్యూటరు పెట్టి ఆట తెరిస్తే చాలు, వీరుడి తల మీద ఆ రెండక్షరాలు. కూర్చుని మొత్తం చెరిపేశాడు. మొదటి కూర్పు ఉన్న ప్రతి ఫ్లాపీ, దాన్ని కట్టడానికి రాసుకున్న కాగితాలు, ఊళ్ల పట్టికలు, అన్నీ. మళ్లీ మొదటినుంచి, ఊళ్లకు కొత్త అంకెలు వేసి, వాలుగీతను అక్షరంగానే చదివేలా కొత్త పనిముట్టు తయారుచేసుకుని, రెండో కూర్పు కట్టాడు. కనబడ్డవాళ్లందరికీ రాశాడు: మొదటిది పారెయ్యండి, తప్పుల తడక, ఇది వాడండి. బోర్డులో అతనికి పేరొచ్చింది. హ్సూ అన్న ప్రతివాడూ అతనికి దణ్ణం పెట్టాడు. తైచుంగ్ నుంచి ఒక హ్సూ కుర్రాడు, మొట్టమొదటిసారి నా పేరుతో నేను ఆడాను అన్నా, అని రాశాడు.

ఇరవై ఏళ్లు పోయాయి. రెండోది మూడయింది, మూడు ఏడయింది. బోర్డు పోయి ఫోరం వచ్చింది, ఫోరం పలచబడింది. అక్షరాలకు ప్రపంచమంతటికీ ఒకటే కొత్త లెక్క వచ్చింది. హ్సూలను తినే యంత్రాలు ఒక్కొక్కటే తెలియకుండా మాయమైపోయాయి. కుంగ్‌మింగ్ పేరు ఫోనులో, జీతం చీటీలో, ఆసుపత్రి కార్డులో ఎక్కడ చూసినా మూడక్షరాలూ పొందిగ్గా వస్తున్నాయి. మళ్లీ పెళ్లి చేసుకొమ్మని మేనత్త పదేళ్లు పోరి, ఆవిడే పోయింది. అతను అదే గదిలో ఉన్నాడు. అడవి అని పిలిచేవాళ్లు ఎవరూ లేరు.

ఆ వసంతంలో మరదలు యూచిన్ దుకాణం మూసేసింది. మోకాళ్లు పనిచెయ్యడం లేదని, తైపేలో కొడుకు దగ్గరికి పోతున్నానని చెప్పి, పాత బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"అక్క సొరుగులోది బావా. అమ్మ ఇన్నాళ్లూ బయటికి తియ్యనివ్వలేదు. ఏవో రబ్బరు బ్యాండ్లు, బిల్లులు ఉన్నాయి. ఈ నల్లటి పలక నీదేనేమో చూడు."

ఫ్లాపీ. మీద యూషియా రాత: 'యే మింగ్. ముట్టుకోవద్దు.'

అతను రెండు రోజులు ముట్టుకోలేదు. మూడో రోజు ఒక పాత డ్రైవు సంపాదించి పెట్టి చూశాడు. బతికే ఉంది. ఒకటే ఫైలు, చిన్నది. అంకెల కుప్ప. ఆమె చివరిసారి ఆడి, ఆపి, లేచి వెళ్లిన చోటు అందులో ఉంది. ఏ ఊళ్లో ఆగిందో, చేతిలో ఏముందో, ఎంత దూరం వచ్చిందో. దాన్ని తన ఏడో కూర్పులో తెరిచాడు. యే మింగ్ నడిసముద్రంలో, నీళ్ల మీద నిలబడి ఉన్నాడు. అతని దగ్గర తొమ్మిది వేల గుర్రాలు ఉన్నట్టు తెర చూపించింది.

నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఊళ్ల అంకెలన్నీ మార్చింది తనే. ఏ అంకె ఏ ఊరో, ఏది గుర్రమో ఏది వయసో చెప్పగలిగింది మొదటి కూర్పు ఒక్కటే. దాన్ని చేతులారా చెరిపింది, నలుగురి చేతా చెరిపించింది కూడా తనే.

ఆ రోజునుంచి కుంగ్‌మింగ్‌కు ఒకటే ధ్యాస. యూషియా ఎక్కడ నిలబడి ఉందో తెలియాలి.

ఫోరంలో రాశాడు. మొదటి కూర్పు ఎవరి దగ్గరైనా ఉందా? పేర్లు తినేసేది? జవాబులు చాలానే వచ్చాయి. అయ్యా, మీరే కదా పారెయ్యమన్నారు? ఆ దరిద్రాన్ని ఎవడు దాచుకుంటాడు? ఒకడు నవ్వు బొమ్మలు పెట్టి, హ్సూ గారూ, ఇన్నాళ్లయినా తిన్న పేరు అరగలేదా అని రాశాడు. రెండో కూర్పు మొదలు అన్నీ అందరి దగ్గరా ఉన్నాయి. మంచిదాన్ని దాచుకున్నారు. చెడ్డదాన్ని ఎవరూ దాచుకోలేదు.

ఇక మిగిలింది చియు తెంగ్‌ఫా. అతనికంటే ఆరేళ్లు పెద్ద. గుడి వీధి మొదట్లో కంప్యూటర్ల దుకాణం ఉండేది ఆయనకు. కుంగ్‌మింగ్ మొదటి కంప్యూటరు ఆయన చేత్తో బిగించిందే. మొదటి కూర్పును మొట్టమొదట ఆడిచూసిందీ ఆయనే. ఇప్పుడు అదే కొట్టులో ఫోను తొడుగులు అమ్ముతూ, పగిలిన అద్దాలు మారుస్తూ కాలం గడుపుతున్నాడు. కుంగ్‌మింగ్ వెళ్లి అడిగాడు. చియు ఫోను లోపలికి తొంగిచూస్తూ, తల ఎత్తకుండా, లేదన్నాడు.

"వెనక గదిలో చూడు అన్నా. నువ్వు పెన్ను మూత కూడా పారెయ్యవు."

"లేదన్నాగా. ఉన్నా చెదలు తినుంటాయి. అయినా నీకెందుకురా అది? ఏడో నెల వస్తోందిగా, పోయినవాళ్లకు ఇళ్లూ బట్టలూ కాగితంతో చేసి పంపినట్టే, కాగితం కంప్యూటరు ఒకటి కొని గుళ్లో తగలబెట్టు. ఆవిడ ఎక్కడుందో అక్కడే కూర్చుని ఆడుకుంటుంది."

కుంగ్‌మింగ్ నవ్వలేదు. చియు కూడా ఎక్కువసేపు నవ్వలేదు.

మూడు నెలలు ఆ మొదటి కూర్పును మళ్లీ తనే కట్టడానికి ప్రయత్నించాడు. ఇరవై ఏళ్ల కిందట ఊళ్లకు ఏ వరసలో అంకెలు వేశాడో గుర్తు తెచ్చుకుంటూ, కాగితాల మీద పట్టికలు రాసుకున్నాడు. అప్పుడు తన బుర్ర ఎలా పనిచేసేదో ఇప్పటి బుర్రకు అంతుబట్టలేదు. ఒక పట్టికతో తెరిస్తే యే మింగ్ ఒక సత్రం కప్పు మీద కూర్చున్నాడు. ఇంకోదాంతో తెరిస్తే విలన్ పడకగదిలో ఉన్నాడు. ప్రతిసారీ అతనికి ఒక క్షణం, ఆ, ఇక్కడే ఆగి ఉంటుంది అనిపించేది. ఆమె చెప్పిన కబుర్లు ఒక్కొక్కటీ గుర్తొచ్చేవి. తొమ్మిదో రేవుకు వచ్చేశానని కదా ఆఖరున చెప్పింది? ఆసుపత్రిలో చేరే ముందు వారం? చివరి పోరాటం ముందు గుర్రం కొనుక్కోవాలా అని అడిగింది. వద్దు, పడవే మేలన్నాడు తను. పడవ ఎక్కిందా?

జూన్‌లో హ్వాలియెన్ నుంచి ఒకతను రాశాడు. నా దగ్గర మొదటి కూర్పు ఉంది, ఫ్లాపీ పోస్టులో పంపితే పాడవుతుంది, వచ్చి తీసుకెళ్లండి. కుంగ్‌మింగ్ రెండు రోజులు సెలవు పెట్టాడు. వానలో రైలెక్కి కొండలన్నీ చుట్టుకుని వెళ్లాడు. ఆ మనిషి మంచివాడు, చేపల సూపు పెట్టాడు, ఫ్లాపీని గుడ్డలో చుట్టి తెచ్చాడు. పెట్టి చూస్తే వీరుడి తల మీద మూడక్షరాలూ వచ్చాయి. హ్సూ కుంగ్‌మింగ్. రెండో కూర్పు. ఆయన పాపం, పైన 'మొదటిది' అని ఎవరో రాసి ఉంటే నమ్మానండీ అని నొచ్చుకున్నాడు. తన పేరు సరిగ్గా ఉన్నందుకు ఏడుపు రావడం కుంగ్‌మింగ్‌కు జీవితంలో అదే మొదటిసారి.

మర్నాడు మధ్యాహ్నం కీలుంగ్ స్టేషన్లో దిగి, ఇంటికి పోబుద్ధి కాక, తడిసిన గొడుగుతో చియు కొట్టులోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. చియు టీ పోసి ఇచ్చాడు. తాగలేదు. బూట్లలోంచి నీళ్లు కారి నేల మీద మడుగు కట్టాయి. చియు ఆ మడుగు వైపు కాసేపు చూసి, చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. లేచి కొట్టు తలుపు సగం దించాడు.

"ఎన్ని గంటల ప్రయాణంరా?"

"వెళ్లడం మూడు, రావడం మూడు."

"ఈసారి ఎక్కడికి?"

"కావ్‌షుంగ్‌లో ఒకాయన పాత ఫ్లాపీలు బస్తాల లెక్కన పోగేశాడట. ఆయన దగ్గరికి."

"వద్దులే," అన్నాడు చియు. "నా దగ్గరుంది. ముందునుంచీ ఉంది."

కుంగ్‌మింగ్ తల ఎత్తాడు. కోపం రావాల్సింది, రాలేదు. ఎందుకు దాచావన్నా అని కూడా అడగలేదు. చియు వెనక గదిలోకి పోయి, అట్టపెట్టెలు జరిపి, పాత కంప్యూటరు మీది దుమ్ము దులిపాడు. ఫ్లాపీ తెచ్చి పెట్టాడు. చూశాక నన్ను తిట్టుకో, ఆవిణ్ణి మాత్రం ఏమీ అనకు అన్నాడు. కుంగ్‌మింగ్ జేబులోంచి యూషియా ఫ్లాపీ తీశాడు. మూడు నెలలుగా అది జేబులోనే ఉంటోంది.

తెర వెలిగింది. రేవు కనబడింది. రాతిమెట్లు, ఒక పడవ, పడవవాడు. యే మింగ్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. చేతిలో కత్తి కూడా లేదు, ఆట మొదట్లో ఇచ్చే కర్ర ఉంది. గుర్రం లేదు. ఆడిన కాలం ఇరవై ఆరు నిమిషాలు.

అది మొదటి రేవు. ఆట మొదలయ్యే చోటు. పడవవాడితో మాట్లాడితే అవతలి ఒడ్డుకు తీసుకెళతాడు. ఆమె అతనితో మాట్లాడలేదు.

"ఇది తప్పు ఫైలేమో," అన్నాడు కుంగ్‌మింగ్.

"కాదు."

"తొమ్మిదో రేవుకు వచ్చానంది."

"నేను చెప్పిందే నీకు చెప్పింది." చియు స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. "రెండు రోజులు ఆడిందిరా. తెర అటూ ఇటూ జరుగుతుంటే కళ్లు తిరిగి వాంతి చేసుకుంది. మూడో రోజు నాకు ఫోను చేసింది. అన్నా, తర్వాత ఏమవుతుందో నువ్వు చెప్పు, నేను ఆయనకు చెబుతాను అంది. రోజూ మధ్యాహ్నం దుకాణం కట్టగానే ఫోను. నేను ఆడిందంతా చెప్పేవాణ్ణి, ఆవిడ రాసుకునేది. నీకు చెప్పనని ఒట్టు వేయించుకుంది."

వీధిలో స్కూటర్లు పోతున్నాయి. వాన కొంచెం తగ్గింది.

"ఎందుకట?"

"నేనూ అదే అడిగాను. ఎందుకమ్మా ఈ అవస్థ, బాలేదు, ఆడలేను అని చెప్పెయ్యరాదా అన్నాను. ఆయన మాట్లాడేది దీని గురించే కదన్నా, వింటే చాలదు, ఎవరో ఒకరు అడగాలి కదా అంది."

కుంగ్‌మింగ్ తెర వైపే చూస్తున్నాడు. మెట్ల మీద వీరుడు ఊపిరి పీలుస్తున్నట్టు భుజాలు పైకీ కిందికీ ఆడిస్తున్నాడు. భుజాలు లేచినదొకటి, దిగినదొకటి, ఆ రెండు బొమ్మలూ గీసింది కంపెనీవాళ్లు. ఎవరూ మీట నొక్కకపోయినా అవి అలా ఆడుతూనే ఉంటాయి. ఇన్నాళ్లూ ఆమె ఎక్కడిదాకా వెళ్లిందో అని వెతికాడు. ఆమె ఎక్కడికీ వెళ్లలేదు. అతని ఎదురుగా, అన్నం గిన్నె పట్టుకుని కూర్చుని ఉంది.

"ఏం అడిగేది?" అన్నాడు.

"ఎవరు?"

"నీకు ఫోను చేసి. ఏమేం అడిగేది?"

చియు గుర్తు తెచ్చుకుని చెప్పాడు. సన్యాసి గంట ఇవ్వకపోతే ఏమవుతుందని మూడు రోజులు అడిగిందట. గంట కోసం అంత రభస ఎందుకు, కొత్తది చేయించుకోవచ్చు కదా అందట. వంతెన దొంగల పేర్లు రాసుకుని, ఒక పేరు తప్పు రాసుకుని, మర్నాడు ఫోనులో పోట్లాడిందట. నువ్వు తప్పు చెప్పావన్నా, ఆయన నావైపు అనుమానంగా చూశాడు అని. కుంగ్‌మింగ్‌కు ఆ సాయంత్రం గుర్తొచ్చింది. అనుమానంతో చూడలేదు తను. ఆమె నుదుటి మీద పిండి అంటుకుని ఉంటే చూశాడు. ఆ మాట చియుతో అన్నాడు. చియు ముక్కు చీదుకున్నాడు.

ఒకామె సగం దించిన తలుపు కింద వంగి, ఫోను తొడుగు ఉందా అని అడిగింది. చియు రేపు రమ్మన్నాడు.

"ఇంకా?"

ఇంకా చెప్పాడు. ఒకసారి ఫోనులో అట్టు మాడిన వాసన వస్తోంది కదూ అని అడిగిందట, ఫోనులో వాసన ఎలా వస్తుందమ్మా అంటే నవ్విందట. ఒకసారి ఏమీ అడగకుండా, ఆయన నిన్న ఒక గంట మాట్లాడాడన్నా అని మాత్రం చెప్పి పెట్టేసిందట. ఆసుపత్రికి వెళ్లే ముందు రోజు కూడా చేసిందట. చివరి పోరాటం ఎలా ముగుస్తుందో ఇప్పుడే చెప్పెయ్ అందట. చియు చెప్పాడట. అంతా విని, ఇంతేనా అందట.

చియు టీ తాగాడు. ఎదురుగా కూర్చున్నవాడి ముఖం వైపు చూశాడు. అది ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. చియు గొంతు సవరించుకున్నాడు.

"ఆఁ, మరొకటుంది. ఉప్పుమడుల దీవి లేదూ? దానికి పడవ ఎక్కడ దొరుకుతుందని అడిగింది ఒకసారి. అక్కడి ముసలమ్మ ఉప్పు ఊరికే ఇస్తుందా, డబ్బులు తీసుకుంటుందా అంది. మా దుకాణానికి కూడా అలాంటి ముసలమ్మ ఉంటే బాగుండు అని..."

ఉప్పుమడుల దీవి మొదటి కూర్పులో లేదు. రెండోదాంట్లో కూడా లేదు. యూషియా పోయిన రెండేళ్లకు, మూడో కూర్పు కడుతున్నప్పుడు, ఏమీ తోచక, ఆదివారాలు కూర్చుని ఆ దీవిని, ఆ ముసలమ్మను పుట్టించింది కుంగ్‌మింగే. ఆ సంగతి చియుకు తెలుసో తెలియదో. తెలిసీ మర్చిపోయాడో.

కుంగ్‌మింగ్ ఆ మాట అనలేదు. చల్లారిన టీ చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వేం చెప్పావు?"

"ఊరికే ఇస్తుందన్నాను."

"అంటే ఏమంది?"

"సంతోషపడింది," అన్నాడు చియు.

"తర్వాత?" అన్నాడు కుంగ్‌మింగ్.